దంతపు అతుకులు

మా ముత్తాతగారు విశాఖపట్నం జిల్లాలో, కొండల అంచున ఉన్న ఒక చిన్న జమీందారీకి ప్రభువు. కలెక్టరు కచేరీకి వెళితే ఆయనకు కుర్చీ వేసేవారు. ఆ కుర్చీ ఏ వరుసలో వేశారన్నది మా ఇంట్లో ఆయన పోయిన తరవాత కూడా చాలాకాలం చెప్పుకున్నారు. ఆయన కుమారుడు, అంటే మా తాతగారు, దొరలతో బిలియర్డ్స్ ఆడిన మనిషి. వేటకు వచ్చిన ప్రతి అధికారీ మా దివాణంలోనే దిగేవాడు. మా నాన్నగారి కాలానికి జమీందారీలు రద్దయ్యాయి. ఆయన ఊళ్లు పోయాయి, శిస్తు వసూలు చేసే ఠాణాలు పోయాయి, చివరికి చుట్టూ చేరే జనం కూడా పోయారు. నడుము వంచకుండా కూర్చునే అలవాటు మాత్రం ఆయనకు చివరిదాకా ఉంది. నాకు వచ్చిన ఆస్తి అదొక్కటే.

గొప్ప కోసం చెప్పడం లేదు. మా వైపు మనిషిని పరిచయం చేసే పద్ధతే ఇది. ముందు తాతలు, తరవాత మనిషి. ఆ వరుసలో నేను నాలుగోవాణ్ణి. ఒకరి దగ్గర జీతానికి పనిచేసినవాళ్లలో మాత్రం మొదటివాణ్ణి.

నేను చదివింది మెకానికల్ ఇంజనీరింగ్. అమెరికా వచ్చి చికాగో దగ్గర యంత్రభాగాలు చేసే ఒక ఫ్యాక్టరీలో డ్రాయింగులు గీసే విభాగంలో చేరాను. డెబ్భైల చివర ఆ ఫ్యాక్టరీ మనుషుల్ని తీసేయడం మొదలుపెట్టింది. మా విభాగం వంతు వచ్చిన రోజున ఒక్కొక్కరికి ఒక అట్టపెట్టె ఇచ్చి బల్ల మీది సామాను సర్దుకోమన్నారు. ఆ తరవాత కొన్నాళ్లు ఎక్కడెక్కడో తిరిగాను. చివరికి చికాగో శివారు షామ్‌బర్గ్‌లో మా ఇంటికి పడమటగా, ఒక బౌలింగ్ హాలు వెనక ఉన్న చిన్న షాపులో పని దొరికింది. అక్కడ బిలియర్డ్స్ లాంటి పూల్ ఆటలో బంతిని కొట్టే క్యూ కర్రలు ఆర్డరు మీద చేసేవారు. షాపు యజమాని ముసలాయన, ఒంటిమనిషి. మాసిన తోలు ఏప్రన్ కట్టుకుని, కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని తిరిగేవాడు. మొదటిరోజు నా చేతికి ఒక మేపుల్ చెక్క కడ్డీ ఇచ్చి, లేత్ యంత్రం మీద తిప్పి చెక్కమన్నాడు. నేను తిప్పుతుంటే కర్ర వైపు కాదు, నా వైపు చూశాడు.

“నువ్వు నిలబడే తీరు చూస్తే సెల్యూట్ కొట్టాలనిపిస్తోంది. నువ్వేమైనా ప్రిన్స్‌వా?”

కాదన్నాను. చట్టప్రకారం అది నిజమే. కానీ ఆ పేరు అతుక్కుపోయింది. షాపులో ఉన్నంతకాలం ఆయన నన్ను మరో పేరుతో పిలవలేదు. ఆయన మాట్లాడింది ఇంగ్లీషే అయినా నాకు గుర్తున్నంతలో తెలుగులో రాస్తున్నాను.

మంచి క్యూ ఒకే కర్రగా ఉండదు. మోసుకుపోవడానికి వీలుగా మధ్యకు రెండు ముక్కలు చేసి, ఒకదానిలోని ఉక్కు మరను రెండోదానిలో బిగిస్తారు. ఆ రెండు ముక్కలూ కలిసేచోట కర్ర చీలిపోకుండా కడియంలాంటిది ఒకటి ఉంటుంది. దాన్నే అతుకు అంటున్నాను. చవకరకం కర్రలకు అది ప్లాస్టిక్, చాలావాటికి ఉక్కు. తెలిసిన ఆటగాళ్లు ఏనుగు దంతం కోరేవారు. ఉక్కు అతుకుతో ఆడితే బంతి తగిలిన దెబ్బ చేతికి టక్కున కొడుతుందట. దంతమైతే అదే దెబ్బ మెత్తగా చేరుతుందట. నేను ఆట ఆడేవాణ్ణి కాదు, వాళ్ల మాట నమ్మాను.

దంతంతో పని చాలా నెమ్మది. దంతం నడిమధ్యన చీమ కన్నంలాంటి నరం దారి ఉంటుంది. ముక్కను పొడవుగా కోసేటప్పుడు ఆ దారి సరిగ్గా నడుమకు వచ్చేలా చూసుకోవాలి. తరవాత మధ్యలో తొలిచినప్పుడు అది తొలుపులో పోతుంది. పక్కకు జరిగితే ఎప్పటికైనా అక్కడే పగులుతుంది. లేత్‌ను తొందరపెట్టకూడదు. తొందరపెడితే దంతం వేడెక్కి, పళ్ల డాక్టరు దగ్గర వచ్చే కాలిన వాసన వస్తుంది. ఆ వాసన వచ్చిందంటే ముక్క పాడైనట్టే. మొదట కావలసినదానికన్నా కాస్త లావుగా తిప్పి పక్కన పెట్టేయాలి. కొన్ని నెలలు ఊరుకోవాలి. ఏనుగు చచ్చిపోయినా దాని దంతం చాలాకాలం కదులుతూనే ఉంటుంది. చలికి ఒకలా, ఉక్కకు ఒకలా. కదలడం ఆగిన తరవాత లోపల మర చుట్లు చెక్కి, రెండు సీసాల్లోంచి కలిపే ఎపాక్సీ జిగురుతో కర్రకు అతికించి, చివరి కోత కోయాలి. గోటితో గీస్తే కర్ర ఎక్కడ ఆగి దంతం ఎక్కడ మొదలైందో తెలియకూడదు. నాకు ఆ పని వచ్చింది. నా కన్నా బాగా ఆ చుట్టుపక్కల ఎవరికీ రాదని ముసలాయనే అనేవాడు. నేను కాదనలేదు.

ఇంట్లో మా ఆవిడకు ఆ దంతపు పొడి అంటే ఏవగింపు. తలుపు దగ్గరే ఆపేసేది.

“స్నానం చేసేదాకా దేవుడి అలమారు వైపు రాకండి. ఎక్కడో చచ్చిన జంతువు పొడి అంతా మీ చొక్కా మీదుంది.”

“నీ కుంకుమ పెట్టె కూడా దంతమేగా?”

“అది మా అమ్మమ్మది. ఇది ఎవరిదో!”

ఆమె కూడా విశాఖ వైపు పెద్ద కుటుంబం నుంచి వచ్చిందే. దంతపు చెక్కడం ఉన్న పెట్టెలు, దువ్వెనలు, పావుకోళ్లు ఉన్న ఇంట్లో పెరిగింది.

చికాగో చలికాలం దంతానికి పగ. షాపును వెచ్చబెట్టే ఫర్నేసు రోజంతా పొడిగాలి చిమ్మేది. లావుగా తిప్పి అరలో పెట్టిన ముక్కలు జనవరి వచ్చేసరికి వెంట్రుకవాసి చీలికలు వేసేవి. ముసలాయన ఫర్నేసు దగ్గర పళ్లెంలో నీళ్లు పెట్టి చూశాడు. లాభం లేకపోయింది. అప్పుడు నేనే అన్నాను, మా ఇంట్లో పెడదామని. మా ఇల్లు ఎప్పుడూ తడిగా ఉండేది. అన్నం ఆవిరి, పప్పు ఆవిరి, మా ఆవిడ పెదవులు పగులుతాయని పడకగదిలో ఆగకుండా గాలిలోకి తేమ వదిలే హ్యుమిడిఫైయర్. ఆయన ఒప్పుకున్నాడు. బిస్కట్ల డబ్బాలో పాత పంచె ముక్క పరిచి, దంతపు ముక్కలన్నీ సర్ది, మేడ మీద తువ్వాళ్లు పెట్టుకునే అలమారులో పెట్టాను. చచ్చిన జంతువును ఇంట్లోకి తెచ్చారని మా ఆవిడ ఒక పూట మాట్లాడలేదు. తరవాత తనే ఆ డబ్బాను కాస్త లోపలికి జరిపి, పైన ఒక దుప్పటి కప్పింది. ఆ చలికాలం ఒక్క ముక్కా చీలలేదు. అప్పటినుంచి ప్రతి చలికాలం అదే ఏర్పాటు.

ఆ రోజుల్లో ఆదివారాలు తెలుగువాళ్లం ఎవరో ఒకరి ఇంట్లో భోజనాలకు కలిసేవాళ్లం. ఎక్కువమంది డాక్టర్లు. వాళ్లలో ఒకాయన తండ్రి మా తాతగారి ఠాణాలో గుమస్తా. ఆయనకు ఆ సంగతి దాచుకోవాలన్న ఆలోచన లేదు సరిగదా, నన్ను చూస్తే అదే ముందు గుర్తొచ్చేది.

“దయచేయండి రాజావారూ, దయచేయండి! ఈమధ్య ఏదో స్టిక్స్ చేస్తున్నారటగా?”

“క్యూలు.”

“అదే, బార్లలో ఆడతారే, వాటికి. చూశారా అండీ, వీళ్ల తాతగారి ముందు మా నాన్న చెప్పులు విప్పి నిలబడేవారు. ఇప్పుడు వీరు తాగుబోతులకి కర్రలు చెక్కి ఇస్తున్నారు. అమెరికా అంటే ఇదీ!”

అందరూ నవ్వారు. ఆయన నవ్వులో విషం లేదు. ఉంటే నయంగా ఉండేది. నేను కూర్చున్నచోటే నిటారుగా కూర్చున్నాను. వంటగదిలోంచి పెరుగు గిన్నె తెస్తున్న మా ఆవిడ అక్కడే ఆగింది.

“మావారు చేసే కర్ర కోసం జనం ఏడాదిపాటు వెయిట్ చేస్తారు డాక్టరుగారూ. మీ అపాయింట్‌మెంట్‌కి ఎన్నాళ్లు వెయిట్ చేస్తారేమిటి?”

ఈసారి ఇంకా గట్టిగా నవ్వారు, ఆ డాక్టరు అందరికన్నా గట్టిగా. తిరిగి కారులో వస్తూ అడిగాను.

“నువ్వెందుకు మాట్లాడావు?”

“మీరు మాట్లాడరు గనక.”

ఎనభైల మధ్యకు వచ్చేసరికి ముసలాయన చేతులు వణకడం మొదలైంది. ముందు మర చుట్లు చెక్కే పని నాకు వదిలేశాడు, తరవాత చివరి కోత. ఒక శరదృతువులో కాఫీ మగ్గు బల్ల మీద పెట్టి, చేతులు ఏప్రన్ జేబులో దాచుకుని, నాతో చెప్పాడు.

“వసంతంలో వెళ్లే బ్యాచ్ మొత్తం నువ్వే చెయ్యి, ప్రిన్స్. కోత దగ్గర నుంచి పాలిష్ దాకా. నేను వేలు పెట్టను. అవి నిలబడితే లాయరు దగ్గరికి వెళ్దాం. ముందు బోర్డు మీద ఇద్దరి పేర్లూ. నేను మానేశాక నీ ఒక్కడిదే. నా కొడుక్కి ఈ షాపు అక్కర్లేదు. వాడికి దుమ్ము పడదు.”

ఏదైనా కావాలని నేను అనుకుని చాలా కాలమైంది. ఇది కావాలనుకున్నాను. బౌలింగ్ హాలు వెనక రేకు కప్పు షాపే కావచ్చు. కానీ దాని తలుపు మీద మా ఇంటిపేరు ఉంటుంది. పొద్దున్నే ఆ తాళం నేను తీస్తాను, నన్ను పొమ్మనేవాడు ఉండడు. మా ఆవిడకు చెబితే దేవుడికి దీపం పెట్టి వచ్చింది. ఆ వెంటనే అడిగింది.

“ఆ ముక్కలు పగలవు కదా?”

“చలికాలం గడిస్తే భయం లేదు. ఎండిపోతేనే పగులుతాయి.”

అంతకుమించి నేను చెప్పలేదు. అలమారులో పెట్టిన డబ్బా మార్చిలో తీసి షాపుకు పట్టుకెళ్లాను. ముక్కలు నున్నగా, కొంచెం పసుపు తిరిగి, అందంగా ఉన్నాయి. దంతానికి ఈడు వచ్చినకొద్దీ ఆ రంగు రావడం మామూలే. ఏదో తెలిసిన వాసన ఉన్నట్టనిపించింది. మా ఇంట్లోంచి వచ్చిన ఏ వస్తువుకైనా మా ఇంటి వాసన ఉంటుంది. పట్టించుకోలేదు. ఆ వసంతంలో చేసినంత మంచి పని అంతకుముందు నేను చేయలేదు. అతుకు మీద ముసలాయన గోరు పెట్టి గీసి చూసి, నా భుజం తట్టాడు. క్యూలు ఆర్డరిచ్చినవాళ్లకు వెళ్లిపోయాయి.

వేసవి ఎండలు ముదిరాక ఒక ఆటగాడు తనే వచ్చాడు. పెద్ద ఒళ్లు, మెల్లని మాట. పెట్టెలోంచి క్యూ తీసి, దంతపు కడియాన్ని రెండు వేళ్లతో పట్టుకుని తిప్పాడు. అది తిరిగింది.

“ఇది తిరక్కూడదు కదా?” అన్నాడు, నిజంగా తెలియక అడుగుతున్నట్టు.

ముసలాయన నవ్వి, ఆ క్యూ తీసుకుని, సరిచేసి పంపుతానన్నాడు. తరవాత మిగతావి కూడా పోస్టులో ఒకదాని వెనక ఒకటి తిరిగి వచ్చాయి. ఆయన ఒక అతుకును చిన్న రంపంతో చీల్చాడు. జిగురు దంతాన్ని పట్టుకోలేదు. ఎండిన పొక్కు ఊడినట్టు గాజులా మెరుస్తూ ఒలిచి వచ్చింది. ఆయన దంతపు ముక్కను ముక్కు దగ్గర పెట్టుకుని, నాకు అందించాడు.

“ఏమిటీ వాసన?”

కొబ్బరినూనె. నాకు ఆ క్షణంలోనే అంతా అర్థమైంది. మా వైపు ఇళ్లల్లో దంతపు సామాను ఎండకాలంలో నెర్రెలు ఇవ్వకుండా దూదితో కొబ్బరినూనె అద్ది తుడుస్తారు. పెట్టెకూ దువ్వెనకూ అది మంచిదే. జిగురు పెట్టాల్సిన దంతం ఆ నూనె తాగితే ఇక ఏ జిగురూ పట్టదు.

“నూనె రాశావా?”

“నా ఇంట్లో ఉన్న సరుకు. బాధ్యత నాది.”

“నేనడిగింది అది కాదు. జిగురు సంగతి నీకు తెలిసినంత ఎవరికీ తెలీదు. నువ్వు రాయవు. మరి ఎవరు రాశారు?”

“బాధ్యత నాది” అని మళ్లీ అన్నాను.

ఆయన కళ్లజోడు దించుకుని నన్ను చూశాడు. “మీ ఆవిడ పొరపాటున రాసిందనుకో. చెప్పు, నవ్వుకుందాం. మా ఆవిడ బతికున్నప్పుడు నా వార్నిష్‌తో వంటింటి కిటికీ పూసేసింది.”

నేను బల్ల మీది రంపపు పొడి ఊడ్చాను. మా తాతగారి హయాంలో అడవి అంచు ఊరు ఒకదాని మీద వ్యాజ్యం నడిచింది. హద్దురాయి ఎక్కడుండేదో చూసిన సాక్షి ఆయన తల్లి ఒక్కరే. పరదా వెనక నుంచైనా సరే ఆవిడ చేత చెప్పించమన్నాడు ప్లీడరు. తాతగారు ఒప్పుకోలేదు. ఆ ఊరు పోయింది. పోయిందని మా ఇంట్లో ఎవరూ విచారంగా చెప్పగా నేను వినలేదు. అలాంటి ఇంట్లో పెరిగినవాడి నోటికి ఆ షాపులో, ఆ రంపపు పొడి మధ్య, తన భార్య మాట రాలేదు. రాదు.

ఇంటికి వెళ్లి మా ఆవిణ్ణి ఒక్క మాట అడిగాను.

“డబ్బాలో ముక్కలకి నూనె రాశావా?”

“వారం వారం. ఎండితే పగులుతాయన్నారుగా! చచ్చినదాన్ని ముట్టుకోవడం నాకిష్టం లేకపోయినా రాశాను. మా అమ్మమ్మ చెప్పినట్టే, రాసి, పొడిగుడ్డతో తుడిచి పెట్టాను. ఎందుకు? బాగా వచ్చాయా?”

“వచ్చాయి.”

మళ్లీ పని మొదలుపెట్టాను. షాపు అరలో పాతవి, కదలడం ఆగిపోయిన ముక్కలు కొన్ని ఉన్నాయి. తిరిగివచ్చిన ప్రతి క్యూకూ పాత అతుకు తీసేసి కొత్తది వేశాను. నా నడుము అప్పటికే పాడైంది, రోజంతా లేత్ ముందు నిలబడితే సాయంత్రానికి కారులోకి వంగడం కష్టంగా ఉండేది. అన్నీ సరిచేసి పంపాను. ఒక్కటీ మళ్లీ రాలేదు. ముసలాయన లాయరు మాట ఎత్తలేదు. పని నిలబడింది కాబట్టి ఎత్తుతాడని నేను ఎదురుచూశాను.

ఆకులు రాలే రోజుల్లో ఒక ఉదయం ఆయన లేత్ స్విచ్చి ఆపి నా వైపు తిరిగాడు.

“నిన్న మీ ఇంటికి ఫోన్ చేశాను. నువ్వింకా చేరలేదు. మీ ఆవిడ ఎత్తింది. దంతం బాగుందా అని తనే అడిగింది. కొబ్బరినూనె రాశానని, వాళ్ల గ్రాండ్‌మదర్ నేర్పిందని ఎంతో సంతోషంగా చెప్పింది. నేను థాంక్స్ చెప్పాను. ఇంకేం చెప్పను?”

నేను చేతిలో ఉన్న ముక్కను బల్ల మీద పెట్టాను.

“మా ఇళ్లల్లో ఆడవాళ్ల మాట బయట ఎత్తము” అన్నాను.

“ఆవిడ దంతానికి నూనె రాసింది, ప్రిన్స్. బ్యాంకు దోచలేదు.”

“అది మీకు అర్థం కాదు.”

“కాదు. అదే కష్టం.” ఆయన కోపంగా లేడు, అలిసిపోయి ఉన్నాడు. “ఈ షాపులో ఎప్పుడూ ఏదో ఒకటి పాడవుతుంది. పాడైనప్పుడు కస్టమరు ఎదుట నిలబడి, ఇదిగో ఇలా పాడైంది అని చెప్పాలి. నువ్వు దెబ్బ తింటావుగానీ చెప్పవు. ఇన్నేళ్లు నా పక్కన నిలబడ్డావు, నాకే చెప్పలేదు. నీ చెయ్యి నా చెయ్యికన్నా మంచిది. ఉన్నంతకాలం ఉండు. షాపు మాత్రం నీకివ్వలేను.”

క్షమాపణ చెప్పుకుని ఉంటే ఆయన మనసు మారేదేమో. మారేదనే అనుకుంటున్నాను, మెత్తని మనిషి. చెప్పాల్సింది ఏమీ నాకు కనబడలేదు. ఈనాటికీ కనబడడం లేదు. బల్ల మీద పెట్టిన ముక్క తీసుకుని లేత్‌కు బిగించి, స్విచ్చి వేశాను.

ఆ చలికాలం ముక్కల డబ్బా ఇంటికి తేలేదు. మా ఆవిడ అది గమనించింది.

“షాపు సంగతి ఏమైంది?”

“ఆయన మనసు మార్చుకున్నాడు.”

బియ్యం పళ్లెం ముందుకు లాక్కుని రాళ్లు ఏరడం మొదలుపెట్టింది. తల ఎత్తకుండా అడిగింది.

“నూనె వల్లనా?”

“కాదు” అన్నాను. అది అబద్ధం కాదు.

ఆ తరవాత కొన్నేళ్లు జీతానికే పనిచేశాను. పొద్దున్న ఆయన తాళం తీసేవాడు, నేను లోపలికి వెళ్లేవాణ్ణి. డాక్టరు ఇంటి భోజనాలకు వెళ్లడం తగ్గించాం. ఎనభైల చివర నిషేధం వచ్చి బయటి దేశాల నుంచి దంతం రావడం ఆగిపోయింది. ఆటగాళ్లు వేరేవాటికి అలవాటుపడ్డారు. ముసలాయనకు కప్పు పట్టుకోవడం కూడా కష్టమైంది. షాపు కొంటామంటూ ఎవరూ రాలేదు. కావాలా అని ఆయన నన్ను మళ్లీ అడగలేదు, నేనూ అడగలేదు. ఆయన కొడుకు వచ్చి, ముక్కుకు రుమాలు కట్టుకుని, సామాను విడివిడిగా బేరం పెట్టాడు. లేత్‌లు విస్కాన్సిన్ నుంచి వచ్చిన ఒకాయన ట్రక్కులో వేసుకుపోయాడు. ఎండబెట్టిన మేపుల్ కర్ర అంతా, కుర్చీలు చేసేవాళ్లకు వెళ్లింది. మిగిలిన దంతమంతా, నేను మొదటి కోత కోసి పెట్టిన ముక్కలతో సహా, కత్తులకు పిడులు చేసే ఒకాయనకు అమ్మేశారు.